పక్కింటి చెట్టు మన ఇంటి మీదికి వస్తే: మాటతో మొదలుపెట్టి ఆర్డీవో దాకా

పక్కింటివాళ్ల వేపకొమ్మ మన వంటగది రేకుల మీద ఊగుతుంటుంది. లేదా వాళ్ల రావి వేరు మన ప్రహరీని ఎత్తేస్తుంటుంది. అడిగితే ‘చెట్టు ముందా, మీ ఇల్లు ముందా?’ అంటారు. అక్కణ్నుంచి మాటలు ఆగిపోతాయి, మే నెల ఈదురుగాలి వచ్చిన ప్రతిసారీ రాత్రంతా టెన్షన్.

చెట్టు తగాదాలో చాలాసార్లు అసలు పేచీ కూలి ఎవరిస్తారు, నలుగురిలో ఎవరు తగ్గారు అనే వాటి దగ్గరే ఉంటుంది. అందుకని మాటతోనే మొదలుపెట్టాలి. అయితే మాట తేలేదాకా తేదీ వేసిన కాగితం ఒక్కటైనా పుట్టకపోతే, రేపు కొమ్మ విరిగిపడ్డాక ‘నాకేం తెలుసు’ అనే దారి అవతలివాళ్లకు తెరిచే ఉంటుంది. ఈ రెంటినీ కలిపి నడపడం ఎలాగో వరసగా చూద్దాం. ఇక్కడ చెప్పేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని చట్టాలు, ఆఫీసుల సంగతి.

ఇవాళే పడేలా ఉందా?

ముందు ఈ ఒక్కటి తేల్చుకోండి. మాను కొత్తగా ఒక పక్కకు ఒరిగినా, ఒరిగిన వైపుకు ఎదురుగా మొదలు దగ్గర నేల పైకి లేచి బీటలిచ్చినా, పెద్ద కొమ్మ చీలి వేలాడుతున్నా ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోకూడదు. ఆ వైపు గదిలో పడుకోవడం మానండి, కింద బండ్లు పెట్టకండి. మున్సిపాలిటీకి, ప్రాణాపాయం అనిపిస్తే 112కు ఫోన్ చేయండి. హైదరాబాద్‌లో పడిన చెట్లు తీసే విపత్తు స్పందన దళాలు ఇప్పుడు హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ కింద ఉన్నాయి.

కొమ్మ కరెంటు తీగలకు తగులుతుంటే 1912. అది విద్యుత్ పంపిణీ సంస్థ పని, లైన్ ఆపి వాళ్ల మనుషులే కొడతారు. వెదురుగడకు కత్తి కట్టి మనమే లాగేద్దామని మాత్రం అనుకోవద్దు. పచ్చికొమ్మలో కరెంటు పారుతుంది.

చెట్టు ఎవరిది?

మాను నేలలోంచి ఎవరి స్థలంలో పైకి వచ్చిందో వాళ్లదే చెట్టు. కొమ్మలు ఎటు పోయాయన్నది లెక్కలోకి రాదు. సరిగ్గా హద్దు మీదే ఉంటే ఇద్దరిదీ అవుతుంది, ఒకరే నిర్ణయించడానికి వీల్లేదు. హద్దు మీదే అనుమానం ఉంటే మీసేవలో సర్వేకు దరఖాస్తు పెట్టి కొలిపించుకోండి, ఆంధ్రలో దీన్నే ఎఫ్-లైన్ అంటారు. రోడ్డు వారన, పార్కులో ఉన్న చెట్టు మున్సిపాలిటీదో పంచాయతీదో అవుతుంది. వాటికోసం పక్కింటివాళ్లతో గొడవపడి లాభం లేదు.

ఇంట్లో అద్దెకున్నవాళ్లతో కాదు, ఓనరుతో మాట్లాడాలి. ఖాళీ ప్లాటులో సుబాబుల్ పెరిగి మీ గోడ మీద పడుతోంది, ఓనరు అమెరికాలో ఉన్నాడని తప్ప ఎవరికీ ఏమీ తెలియదు, ఇది మన కాలనీల్లో మామూలు. రిజిస్ట్రేషన్ శాఖలో ఆ ప్లాటుకు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే కొన్నవాళ్ల పేరు బయటపడుతుంది. ఖాళీ స్థలం పన్ను ఎవరి పేరున ఉందో మున్సిపల్ ఆఫీసులో అడగొచ్చు. అక్కణ్నుంచి బంధువుల ద్వారా వాట్సాప్ నంబరు దొరకడానికి ఎక్కువ రోజులు పట్టదు. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇలాంటి వాటికి తొందరగానే ఒప్పుకుంటారు. కొమ్మలు కొట్టే మనిషిని మీరే చూసి, ఫొటోలు పంపి, ఖర్చెంతో చెబితే చాలు.

అసలు ప్రమాదం ఎంత? చేత్తో తాకి చూడండి

‘మీ చెట్టు వల్ల మా ఇల్లు పగిలింది’ అనడం తేలిక, చూపించడం కష్టం. ఈ దశలో ఒకటి రెండు ఆదివారాలు పెట్టినా వృథా కాదు.

కొమ్మలతో మొదలుపెట్టండి. ఆకు లేకుండా ఎండిపోయినవి, మొదట్లో చీలిక ఉన్నవి, పుట్టగొడుగులు లేచినవి, తొర్ర ఉన్నవి ఒక్కొక్కటిగా ఫొటో తీయండి. మానును చెక్క సుత్తితో తట్టి చూడండి, డొల్లగా మోగితే లోపల పుచ్చిందని అనుమానించాలి. మునగ కొమ్మ పచ్చిగా ఉండి కూడా పుటుక్కున విరుగుతుంది. తురాయి లాంటివి వేళ్లు పైపైనే పరుచుకుని, గాలివానకు మొదలంటా ఒరుగుతాయి. కొబ్బరి నిలబడే ఉంటుంది గానీ కాయో మట్టో పడితే రేకు చిల్లు పడుతుంది. ఈ మధ్య చెట్టు మొదట్లో డ్రైనేజీకో సీసీ రోడ్డుకో తవ్వారా అన్నది కూడా కనుక్కోండి. ఒక వైపు వేళ్లు తెగిన చెట్టు పైకి పచ్చగా కనిపిస్తూనే పడిపోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు ఊరంతా కూలినవాటిలో నిన్నటిదాకా నిగనిగలాడిన చెట్లు ఎన్నో.

వేళ్ల విషయంలో అపోహలు ఎక్కువ. వేరు గట్టి పునాదిని గుచ్చి పగలగొట్టడం అరుదు. తేలికైన ప్రహరీని, గచ్చును, మెట్లను మాత్రం ఎత్తేస్తుంది. పైపుల్లోకి అతుకుల దగ్గర నీళ్లు కారుతుంటేనే దూరుతుంది, ముందు ఆ లీకేజీ మీ వైపుదేమో చూసుకోండి. రావి, మర్రి, జువ్వి జాతులది వేరే కథ. పిట్టలు వేసిన విత్తనం పిట్టగోడ సందులో మొలిచి, వేరు గోడలోకి దిగిపోతుంది. ఆ మొక్క మీ గోడలోనే ఉంటే అది మీ సమస్యే, పక్కింటి రావిచెట్టును తిట్టి ప్రయోజనం లేదు. చిన్నప్పుడే వేరుతో సహా తీసి సిమెంటుతో పూడ్చేయాలి.

నల్లరేగడి నేలల్లో జరిగేది ఇంకోటి. ఈ మట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. పెద్ద చెట్టు పునాది దగ్గరి తేమ పీల్చేస్తే ఆ మూల కింద మట్టి మరింత కుంగి, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా, ఇటుక వరసల వెంట మెట్లు మెట్లుగా పగుళ్లు వస్తాయి. ఎండాకాలం విచ్చుకుని వానాకాలం మూసుకుంటాయి. గోడంతా సాలెగూడులా ఉన్న సన్నని గీతలు మాత్రం చాలావరకు ప్లాస్టరింగ్ లోపమే, వాటిని చెట్టుకు అంటగట్టకండి. అవతలివాళ్లు ఒక మేస్త్రీని తీసుకొచ్చి చూపిస్తే మీ మిగతా మాటలకూ విలువ పోతుంది.

పగులు కదులుతోందో లేదో తెలుసుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఉంది. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కనే తేదీ రాయండి. మధ్యలో పగులుకు అటూ ఇటూ ఒక్కో చుక్క పెట్టి, వాటి మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచి అదీ గోడ మీదే రాయండి. పగులు మీదుగా సన్నని గాజుముక్క పెట్టి, రెండు కొసలూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించండి. గోడ కదిలితే గాజు పగిలిపోతుంది. నెలకోసారి స్కేలు ఆనించి, తేదీ కనపడేలా ఫొటో తీసుకోండి. వీలైతే మీ స్థలంలోనే, పునాది పక్కన రెండు మూడు అడుగుల లోతు చిన్న గుంట తీసి వేళ్లు అక్కడిదాకా వచ్చాయో లేదో చూడండి. పగుళ్లు చెట్టు వైపు గోడకే ఉండి, గుంటలో వేళ్లూ కనిపిస్తే అప్పుడు స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో రిపోర్టు రాయించడం దండగ కాదు. మొత్తం చెట్టు కొట్టించాలా అన్నదీ ఆయన్నే అడగండి. నల్లరేగడిలో పెద్ద చెట్టును ఒక్కసారిగా తీసేస్తే, తేమ పీల్చే వేళ్లు లేక మట్టి ఉబ్బి, ఇల్లు ఈసారి పైకి లేచి పగలొచ్చు.

మాట్లాడటం

ఎప్పుడు వెళ్తారన్నది ముఖ్యం. కొమ్మ పడిన రోజు, కోపం మీద వెళ్లకండి. ఫోన్లో వద్దు, కాలనీ వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. అక్కడ ఒక్క ఫొటో పెట్టారంటే ఆ ఇంటాయన పరువు సమస్య అయిపోతుంది. ఇంటికి వెళ్లి, ఆయన్ను మన డాబా మీదికి పిలుచుకొచ్చి చూపించండి. కింద నిలబడి చూస్తే తెలియనిది పైనుంచి ఆయనకే తెలుస్తుంది.

‘అన్నయ్య గారూ, చెట్టు కొట్టేయమనడం లేదండీ. మా రేకుల మీదున్న ఈ రెండు కొమ్మలు మటుకు వానల ముందే తీయిద్దాం. మనిషిని నేను మాట్లాడతాను, కూలి చెరిసగం వేసుకుందాం, కట్టెలు మీరే ఉంచుకోండి.’

ఇలా అడిగితే కాదనడానికి అవతల పెద్దగా మిగలదు. చట్టప్రకారం ఖర్చు ఆయనే పెట్టుకోవాలని మీకు అనిపించొచ్చు. అయినా సగం కూలికి ఏళ్ల తరబడి నడిచే గొడవ తప్పుతుందంటే నేనైతే ఆ సగం ఇచ్చేస్తాను.

ఆయన ఏమంటారో దాదాపు ఊహించవచ్చు. ‘మా నాన్నగారు పెట్టిన చెట్టు’ అంటే, అది ఉండాలనే మీరూ అనండి. ‘కొమ్మలు కొడితే చచ్చిపోతుంది’ అంటే, ఒక ఏడాదిలో పావు వంతుకు మించి తీయబోమని చెప్పండి. ‘చెట్టు ముందు నుంచీ ఉంది’ అన్నది కోర్టులో పెద్దగా నిలవదు. ఎన్నేళ్లుగా ఉన్నా, పక్కవాళ్ల స్థలం మీదికి కొమ్మలు చాచే హక్కు చెట్టు ఓనరుకు పుట్టదు. కానీ ఈ న్యాయం డాబా మీద నిలబడి చెప్పేది కాదు, కడుపులో పెట్టుకోండి.

రావి, వేప అయితే పసుపు కుంకుమల సంగతి కూడా ఉంటుంది. రావి మీద కత్తి వేయబోమనే కూలీలు ఉన్నారు. వాదించకండి. మంచిరోజు వాళ్లనే చూడమనండి, చెట్టుకు మొక్కి కొబ్బరికాయ కొట్టాక పని మొదలుపెట్టండి. ఆ అవకాశం వాళ్లకిస్తే చాలాసార్లు అడ్డంకి అక్కడే తొలగిపోతుంది.

ఒప్పుకుంటే ఆ సాయంత్రమే ఒక మెసేజ్ పెట్టండి: ‘మీరన్నట్టే వచ్చే ఆదివారం రెండు కొమ్మలు తీయిద్దామండీ, థాంక్స్.’ ఆయన ‘సరే’ అంటే అదే మీ మొదటి కాగితం.

మన వైపు మనమే కొట్టుకోవచ్చా?

పాత ఇంగ్లిష్ న్యాయసూత్రం, మన కోర్టులూ అనుసరించేది, ఇలా ఉంటుంది: మన హద్దు దాటి వచ్చిన కొమ్మను, వేరును హద్దు వరకు మనమే కత్తిరించుకోవచ్చు, పక్కవాళ్ల స్థలంలోకి అడుగు పెట్టకూడదు. కోసిన కొమ్మ, దాని మీది కాయలు చెట్టు ఓనరువే. మామిడికాయలతో ఉన్న కొమ్మ కొట్టి మనం పచ్చడి పెట్టుకుంటే భారతీయ న్యాయ సంహితలోని దొంగతనం సెక్షన్ 303 మాట ఎత్తే అవకాశం మనమే ఇచ్చినట్టు. గోడ దూకితే 329, చెట్టుకు నష్టం చేస్తే 324 కూడా ఉన్నాయి.

దీనిమీద ఇంకో పొర ఉంది, చాలామంది మరచిపోయేది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. సొంత పెరట్లోదైనా సరే, చెట్టు కొట్టడానికి ముందస్తు అనుమతి కావాలి. కొమ్మల నరికివేతనూ ఈ చట్టం పట్టించుకుంటుంది. సరుగుడు, సుబాబుల్, నీలగిరి లాంటి కొన్నింటికి మినహాయింపులున్నాయి. చిన్న కొమ్మలు దిద్దుకుంటే ఎవరూ రారు గానీ, పెద్ద కొమ్మలైనా చెట్టంతా అయినా అటవీ రేంజ్ ఆఫీసులోనో మున్సిపాలిటీలోనో దరఖాస్తు ఇచ్చి, ప్రాణానికీ ఆస్తికీ ప్రమాదమన్న కారణం స్పష్టంగా రాయించండి. దరఖాస్తు చెట్టు ఓనరు పేరున ఉంటే పని తేలిక. అందుకే ఆయన్ను దూరం చేసుకోకూడదనేది. బదులుగా మొక్కలు నాటాలని షరతు పెట్టడం మామూలే.

వేళ్లు కోసేటప్పుడు మరీ జాగ్రత్త. మాను మందానికి కనీసం ఐదింతల దూరం లోపల లావు వేళ్లు కోస్తే, చెట్టు పట్టు తప్పి మీ మీదే పడొచ్చు. దానికంటే హద్దు వెంట మీ వైపు సన్నని కందకం తీసి, మందపాటి ప్లాస్టిక్ షీటు నిలువుగా దించి పూడ్చడం మేలు.

రాత్రిపూట చెట్టు మొదట్లో యాసిడ్ పోయడం, తొర్ర పెట్టి ఇంగువ దూర్చడం లాంటి ఆలోచనలు వద్దు. నేరం సంగతి అలా ఉంచండి, చచ్చి నిలబడిన చెట్టు బతికున్న చెట్టుకంటే ప్రమాదం. మీ ఇంటి పక్కనే నిలబడుతుంది అది.

ఉత్తరం

రెండుసార్లు మాట్లాడినా కదలకపోతే ఉత్తరం రాయండి. లాయరుతో కాదు, మొదటిది మీరే. దానికి ముందు ఒక పని: మీ ఇంటి సెట్‌బ్యాకులు (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ), సన్‌షేడు, బయటికి జరిగిన మెట్లు ఒకసారి చూసుకోండి. నోటీసు అందిన పక్కింటాయన చేసే మొదటి పని మీ కట్టడం మీద టౌన్ ప్లానింగ్‌లో కంప్లయింట్ ఇవ్వడమే.

ఉత్తరం ఇలా ఉంటే చాలు:

‘శ్రీ ______ గారికి, నమస్కారం.
మీ ఉత్తరపు ప్రహరీ దగ్గరున్న వేపచెట్టు కొమ్మలు రెండు మా వంటగది కప్పు మీదికి వచ్చాయి. వాటిలో ఒకటి మొదట్లో చీలి ఉంది (ఫొటోలు 1, 2). ఫలానా తేదీన దాని కొమ్మ పడి రెండు రేకులు పగిలాయి (ఫొటో 3). ఈ విషయం మీతో ఫలానా తేదీన మాట్లాడాను. గాలివానల్లో ఆ కొమ్మలు విరిగి మా ఇంటికి, మనుషులకు ప్రమాదం జరగవచ్చు. దయచేసి 15 రోజుల్లో ఆ రెండు కొమ్మలు తీయించగలరు. అనుమతి దరఖాస్తుకు, కూలీల ఏర్పాటుకు నా వంతు సాయం చేస్తాను.
తేదీ, సంతకం.’

ఇందులో బెదిరింపు లేదు. ఉన్నదల్లా ప్రమాదం, తేదీలు, ఏం చేయాలో, గడువు. ఆరోగ్యంగా ఉన్న చెట్టు తుఫానుకు కూలితే దైవాధీనం అని ఓనరు తప్పించుకోగలరు. చీలిక ఉందని రాతలో చెప్పాక కూడా ఊరుకుని, ఆ కొమ్మే పడితే అది నిర్లక్ష్యం అవుతుంది. నష్టపరిహారం అడగడానికి మీకు పట్టు దొరికేది ఇక్కడే.

స్పీడ్ పోస్ట్‌లో, డెలివరీ రుజువు తీసుకుని పంపండి. పాత రిజిస్టర్డ్ పోస్ట్‌ను 2025లో స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు. కాపీ, రసీదు, ఫొటోలు ఒక ఫైల్లో పెట్టండి. ఒరిజినల్ ఫొటోలు ఫోన్లోంచి చెరపకండి, కోర్టుకు వెళ్తే వాటికి సాక్ష్య చట్టం ప్రకారం సర్టిఫికెట్ జతచేయాల్సి ఉంటుంది.

మున్సిపాలిటీ, ఆర్డీవో

గడువు దాటితే ఆ ఉత్తరం కాపీతో మున్సిపల్ కమిషనర్‌కు, ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శికి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలోనో, ఆంధ్రలో అయితే ఫిర్యాదుల వేదికలోనో ఇవ్వొచ్చు. చాలాసార్లు సిబ్బంది వచ్చి చూసి, ఇద్దరినీ కూర్చోబెట్టడంతోనే పని అయిపోతుంది.

కాకపోతే చాలామందికి తెలియని గట్టి దారి ఒకటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 152, అంటే పాత సీఆర్‌పీసీ 133. చెట్టు పడిపోయి చుట్టుపక్కల నివసించేవాళ్లకు గానీ దారిన పోయేవాళ్లకు గానీ గాయాలయ్యే స్థితిలో ఉంటే, దాన్ని తీసేయమని లేదా ఆసరా పెట్టమని ఆర్డీవో షరతులతో ఉత్తర్వు ఇవ్వగలరు. చెట్టు ఓనరు పాటించాలి, లేదా వచ్చి ఎందుకు అక్కర్లేదో చెప్పుకోవాలి. సక్రమంగా ఇచ్చిన ఆ ఉత్తర్వును సివిల్ కోర్టులో సవాలు చేయడానికి వీల్లేదు. మనుషులకు ప్రమాదం ఉందన్నదే దీనికి ఆయువు. ఆకులు రాలి గటర్ పూడుతోందనో, వేరు గచ్చును ఎత్తుతోందనో వెళ్తే తిప్పి పంపుతారు. అర్జీలో ఒరిగిన మాను, కింద ఆడుకునే పిల్లలు, పక్కన నడిచే దారి రాయండి, ఫొటోలు, ఉత్తరం కాపీ జతచేయండి.

లోక్ అదాలత్, ఆ తర్వాత కోర్టు

కేసు వేయకముందే మండల లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు ఇస్తే లోక్ అదాలత్‌కు, అంటే రాజీ కుదిర్చే వేదికకు, రెండు పక్షాలనూ పిలుస్తారు. కోర్టు ఫీజు లేదు. ఫోన్లో అడగాలంటే 15100. రాజీ కుదిరితే వచ్చే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. వేళ్ల వల్ల పగుళ్లు, ప్రహరీ ఖర్చు లాంటి వాటికి నా దృష్టిలో ఇదే సరైన చోటు. అవతలివాళ్లు రాకపోతే మాత్రం ఏమీ చేయలేరు.

చివరిది సివిల్ దావా. కొమ్మలు తీయించమని మాండేటరీ ఇంజంక్షన్ (ఫలానా పని చేసి తీరాలనే కోర్టు ఉత్తర్వు), జరిగిన నష్టానికి పరిహారం అడగొచ్చు. చెట్టును, గోడను చూసి రిపోర్టు ఇవ్వడానికి అడ్వకేట్ కమిషనర్‌ను నియమించమని మొదట్లోనే అడగమని మీ లాయరుకు చెప్పండి. ఏళ్లు పడుతుంది, లాయరు ఫీజు ఆ కొమ్మల కూలికి ఎన్నో రెట్లు అవుతుంది.

కొట్టే రోజు

మనిషిని ఎంచుకోవడంలో తాడు పని వచ్చినవాణ్ని చూడండి. ఇంటి మీదున్న కొమ్మను నేరుగా నరకకూడదు, తాడు కట్టి ముక్కలుగా దించాలి. కింది నుంచి కొంచెం కోసి, ఆ తర్వాత పైనుంచి కోస్తే మాను బెరడు చీలదు. తల మొత్తం మొండిగా నరికించకండి. ఆ మొండి నుంచి వచ్చే చిగుళ్లు పట్టు లేని కొమ్మలై రెండు మూడేళ్లలో మళ్లీ మీ ఇంటి మీదికే వస్తాయి. ముందు రోజు గూళ్లు, తేనెపట్టు ఉన్నాయేమో చూడండి. వేప, తుమ్మ లాంటి కట్టె విలువైనవైతే కూలిలో తగ్గించుకుంటారు, కొబ్బరికి అదేమీ ఉండదు. కొమ్మలు ఎత్తిపోసే ట్రాక్టరు కూలి ముందే మాట్లాడుకోండి. చెత్త ఆటో వాటిని తీసుకోదు, అవి రోడ్డు మీద పడి ఉంటే రేపటి గొడవ వాటి గురించే.

ఇవన్నీ జరిగేలోపే పడిపోతే

తీగలు తెగాయేమో చూసి 1912కు చెప్పాకే దగ్గరికి వెళ్లండి. ఏదీ కదపకముందు విరిగిన చోటు దగ్గరగా ఫొటో తీయండి. లోపల పుచ్చు, తొర్ర కనిపిస్తే అదే మీ సాక్ష్యం. ఇంటి బీమా ఉంటే వెంటనే కంపెనీకి తెలపండి. 2021 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో తుఫాను నష్టంతో పాటు చెట్లు పడటం వల్ల జరిగే నష్టమూ ఉంది. కారు మీద పడితే కాంప్రహెన్సివ్ పాలసీ ఇస్తుంది, ఒక్క థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే రాదు. బీమా సర్వేయర్ చూసేదాకా ఇంట్లో నీళ్లు పడకుండా టార్పాలిన్ కప్పుకోండి, దాని బిల్లు, కూలి రసీదు దాచండి. రిపేరుకు మేస్త్రీతో అంచనా రాయించి, పాత ఉత్తరం కాపీ జతచేసి పక్కింటాయనకు ఇవ్వండి.